అర్థమయ్యే చోటు

ఆ ఏడు మార్చి నెలాఖరులో నేను తొమ్మిదో తరగతి పాసయ్యాను. అజయ్ ఫెయిలయ్యాడు. మేమిద్దరం కవలలం. అప్పటిదాకా మా ఇద్దరిలో ఒకరికి జరిగింది రెండోవాళ్ళకు జరగకుండా ఉన్నది లేదు. ఆటలమ్మ కూడా ఇద్దరికీ ఒకేసారి పోసింది.

ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మా స్కూలు నుంచి ఇంటికి ఫ్యాక్టరీల గోడల వెంబడి నడిచి రావాలి. ఆ రోజు వాడు నాకంటే ముందు నడిచాడు. నేను ఎంత తొందరగా అడుగులేసినా వాడికీ నాకూ మధ్య దూరం తగ్గలేదు. మెట్లెక్కే ముందు ఆగి, వెనక్కి తిరగకుండానే, "అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. అమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. నా మొహం చూసింది, వాడి మొహం చూసింది. కాళ్ళు కడుక్కుని అన్నానికి రమ్మంది. మేం తింటున్నంతసేపూ గోడకు ఆనుకుని కూచుని, వాడి కంచంలో మజ్జిగ అయిపోకుండా పోస్తూనే ఉంది.

మా నాయన నరసింహులు ఎయిర్‌ఫోర్సులో సార్జెంటు. మేం పుట్టినప్పటినుంచీ ఆయన పోస్టింగులన్నీ కుటుంబాన్ని తీసుకెళ్ళలేని చోట్లకే పడ్డాయి. అమ్మ మమ్మల్ని ప్రొద్దుటూరులో ఒక్కతే పెంచింది. నాయనంటే మాకు ఏడాదికోసారి ఇనప ట్రంకుతో వచ్చి, మేం అలవాటు పడేలోపే వెళ్ళిపోయే మనిషి. మా ఏడో తరగతి పరీక్షలయ్యాక ఆయనకు ఘాజియాబాద్ పడింది. ఈసారి అందరం ఒకే ఇంట్లో ఉంటామని చెప్పి మమ్మల్ని రైలెక్కించాడు. మోహన్‌నగర్ దగ్గర ఒక పంజాబీ ఆవిడ ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాడు. రెండు గదులున్నా వేసవిలో నలుగురం ఒకే కూలర్ ముందు ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఉక్కగా ఉంది, నేను పక్క గదిలోకి పోతానని అమ్మ అంటే నాయన ఒప్పుకునేవాడు కాదు. "ఇన్నేండ్లు వేరువేరుగానే ఉంటిమి కదా హైమా" అనేవాడు.

చదువు గురించి నాయనకు ఒక నమ్మకం ఉండేది. సీబీఎస్ఈ అంటే దేశమంతటికీ ఒకటే చదువు, ఏ ఊరి పిల్లలు ఏ ఊళ్ళో చేరినా ఇబ్బంది ఉండదు అని. ఉద్యోగంలో తనతోటివాళ్ళ పిల్లలు అస్సాం నుంచి పంజాబ్‌కు, పంజాబ్ నుంచి పూనాకు మారుతూ చక్కగా చదవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ పిల్లలు మొదటినుంచీ ఆ చదువులోనే ఉన్నారన్నది ఆయన లెక్కలోకి రాలేదు. మేం ప్రొద్దుటూరు మునిసిపల్ స్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళం. ఇక్కడ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, టీచర్ హిందీలో చెప్పేవారు.

ప్రొద్దుటూరులో నాకు లెక్కలు చెప్పింది అజయే. వాడికి లెక్క చూడగానే జవాబు తోచేది. కొత్త స్కూల్లో చేరిన మొదటి వారాల్లో ఎల్‌సీఎం అంటే మన క.సా.గు.నే అని కనిపెట్టి, పోయినదేదో దొరికినవాడిలా ఇల్లంతా తిరుగుతూ నవ్వాడు. కొన్నాళ్ళు అలా ఒక్కో మాటకూ జత వెతుక్కున్నాడు. తర్వాత వెతకడం మానేశాడు. మాటలు వాడు వెతికే వేగం కన్నా ఎక్కువ వేగంగా వచ్చి పడుతున్నాయి.

నాకు హిందీ ఆడపిల్లలతో కబుర్లలో వచ్చేసింది. వాడు నా దగ్గర విని నేర్చుకున్నాడు. అందుకని నాలాగే ఆడపిల్ల మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "మైఁ జాతీ హూఁ" అన్నాడొకరోజు క్లాసులో, మగపిల్లవాడు "జాతా" అనాల్సిన చోట. మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఆ తర్వాత వాణ్ణి ఆడపిల్ల పేరు పెట్టి పిలిచేవారు. అప్పట్నుంచీ వాడు స్కూల్లో నోరు విప్పిన గుర్తు నాకు లేదు. ఇంట్లో కూడా నెమ్మదిగా మాట తగ్గిపోయింది. తొమ్మిదిలో ఒకసారి ప్రోగ్రెస్ కార్డు చూసి నాయన కొట్టాడు. వాడు ఏడవలేదు, తప్పించుకోనూ లేదు. నాయన చెయ్యే మధ్యలో ఆగిపోయింది.

ఫలితాలొచ్చాక ప్రిన్సిపాల్ పిలిచారు. నాయన డ్యూటీలో ఉన్నాడు. అమ్మకు హిందీ కూరగాయల బండి దాకానే వచ్చు. నన్ను వెంట తీసుకెళ్ళింది.

ప్రిన్సిపాల్ నెమ్మదైన మనిషి. అమ్మకు టీ తెప్పించారు. అజయ్ మంచి పిల్లవాడని, ఎవరితోనూ గొడవ పడడని చెప్పారు. ఆ తర్వాత, వచ్చే ఏడు బోర్డు పరీక్ష కాబట్టి బలహీనంగా ఉన్న పిల్లల్ని తమ స్కూలు ముందుకు తీసుకెళ్ళలేదని, తొమ్మిదిలో మళ్ళీ కూర్చోబెట్టడానికి సీటు కూడా లేదని, టీసీ తీసుకుని వేరే చోట చూసుకుంటే పిల్లవాడికే మంచిదని అన్నారు. ఆవిడ చెప్పిన ఒక్కో వాక్యాన్నీ నేను తెలుగులో అమ్మకు చెప్పాను. తమ్ముడో అన్నో తేలని నా కవలను స్కూలు వద్దంటోందని నా నోటితో అమ్మకు చెప్పాల్సి వచ్చింది.

అమ్మ టీ ముట్టుకోలేదు. "వానికి తెలీకనా, చెప్పేదానికి రాకనా? అడుగు ఆమెను" అంది.

అడిగాను. ప్రిన్సిపాల్, పరీక్ష పేపరు మీద ఆ రెండిటికీ తేడా తెలియదని అన్నారు.

అది కూడా చెప్పాను అమ్మకు. అమ్మ తలూపింది, చీర కొంగు సర్దుకుని లేచింది. బయట గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూలబడి, కొంచెంసేపు కూచుంటానంది. అమ్మ అట్లా రోడ్డు పక్కన కూచోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఏప్రిల్ అంతా మా ఇంటికి సలహాలు వచ్చాయి. చదువుల గురించి ఏదో ఒకటి తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. మా ఇంటావిడ, యూపీ బోర్డులో వేస్తే ఖాళీ కాగితం ఇచ్చినా పాస్ చేస్తారంది. కింద వాటాలో ఉండే కేరళ ఆయన, అదంతా పాతమాటనీ, యూపీ బోర్డు అన్నిటికన్నా కష్టమనీ, సగంమంది తప్పుతున్నారనీ చెప్పాడు. రాష్ట్రం బోర్డులో చదివితే ఢిల్లీ కాలేజీల్లో మార్కులు కోసేస్తారని ఒకరన్నారు. మాతృభాషలో చదివిన పిల్లలకు ఇంగ్లీషు ఎప్పటికీ రాదని ఇంకొకరు, ఇంట్లో తెలుగు మానేసి హిందీ మాట్లాడితే ఆరునెలల్లో అంతా సర్దుకుంటుందని మరొకరు చెప్పారు. నాయన ఆ చివరి మాట పట్టుకున్నాడు. ఆ వారం ఇంట్లో అందరం హిందీ మాట్లాడాలన్నాడు. అమ్మ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అజయ్ ఎలాగూ మాట్లాడడు. అన్నం దగ్గర నేనూ నాయనా ఇద్దరమే, దాల్ కావాలా, పానీ కావాలా అని ఒకరినొకరం అడుగుతుంటే, నాయన ఉన్నట్టుండి ముద్ద కంచంలో పెట్టేసి, "ఇంక చాల్లే" అని తెలుగులో అన్నాడు.

రాజ్‌నగర్‌లో లక్ష్మీకుమారి ఆంటీ అని ఏలూరు వైపు ఆవిడ ఉండేది. వాళ్ళాయన జనార్దనరావు గారు పెద్ద కంపెనీలో ఆఫీసరు. ఆవిడ ఢిల్లీలో ఒక స్కూల్లో టీచర్. ఉగాదికి తెలుగువాళ్ళందరూ కలిసినచోట అమ్మకు పరిచయమైంది. సంగతి విని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. అజయ్‌ని పక్కన కూచోబెట్టుకుని, తెలుగులో ఒక లెక్క చెప్పింది. తోట చుట్టూ బాట, బాట వైశాల్యం ఎంత అని. వాడు కాగితం అడగలేదు. కళ్ళు మూసుకుని, జవాబు చెప్పాడు. చాలా రోజుల తర్వాత వాడి గొంతు విన్నట్టనిపించింది. ఆంటీ అమ్మ వైపు తిరిగింది.

"హైమవతి గారూ, పిల్లాడికి బుర్ర లేక కాదండీ. ఓపెన్ స్కూల్‌లో కట్టించండి. ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. ఏటా ఒకటో రెండో పేపర్లు రాసుకోవచ్చు. భాషగా తెలుగు కూడా తీసుకోవచ్చు. అది సర్కారుదే, సర్టిఫికెట్ సీబీఎస్ఈతో సమానం."

అమ్మ మొహం అప్పుడు చూడాలి. ఆంటీ వెళ్ళేదాకా ఓపిక పట్టి, నాయనతో మూడుసార్లు అదే మాట చెప్పింది, ఇంట్లో ఉండి చదువుకోవచ్చునంట అని. నాయనకూ ఆశ పుట్టింది. కానీ ఆయనకు అజయ్ గురించి ఒక్కటే కోరిక. వాడు కూడా యూనిఫాం వేసుకోవాలని. అందుకని సాహిబాబాద్‌లో సైన్యం పరీక్షలకు కోచింగ్ సెంటర్ నడిపే శర్మాజీ అనే ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆయన నవ్వాడట. ఓపెన్ స్కూల్ అంటే బడి మానేసినవాళ్ళకు, ఇళ్ళల్లో పని చేసుకునేవాళ్ళకు అని, ఆ కాగితం చూస్తే గేటు దగ్గరే వెనక్కి పంపుతారని, కాలేజీల్లో కూడా చెల్లదని చెప్పాడట.

నాయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే ఈ మాట చెప్పాడు. టీచరమ్మ చెల్లుతుందని చెప్పింది కదా అని అమ్మ మెల్లగా అంది.

"వాళ్ళ పిల్లోళ్ళను ఏసిందా అందులో?" అన్నాడు నాయన. "పెద్ద బడికి పంపుతాంది. మనకు చెప్పేకి ఏమిలే."

నాయన చెడ్డగా అనలేదు, భయంతో అన్నాడు. కొడుకు బతుకంతా ఒక కాగితం మీద నిలబడుతుందని, ఆ కాగితం తప్పుదైతే ఇక దిద్దుకోవడం కుదరదని ఆయన భయం. తనకు తెలిసిన మనుషుల్లో సైన్యంలో చేర్చడం వృత్తిగా పెట్టుకున్నది శర్మాజీ ఒక్కడే. ఆయన మాటనే నమ్మాడు.

ఏప్రిల్ చివర్లో అజయ్‌ని దగ్గర్లోనే ఉన్న ఒక యూపీ బోర్డు ఇంటర్ కాలేజీలో మళ్ళీ తొమ్మిదిలో చేర్చాడు. ఆ వైపు హైస్కూలు తరగతులున్న బడిని కూడా ఇంటర్ కాలేజీ అనే అంటారు. అక్కడ అంతా హిందీ మీడియం. వాడు రోజూ పొద్దున నాతోపాటే బయల్దేరేవాడు. చౌరస్తా దగ్గర నేను నా స్కూలు వైపు తిరిగేదాన్ని, వాడు నేరుగా పోయేవాడు. మధ్యాహ్నం నాకన్నా ముందే ఇంటికి వచ్చి ఉండేవాడు. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందనేవాడు. అమ్మ సంతోషపడి, వాడికిష్టమని బొరుగులతో ఉగ్గాని చేసి టిఫిన్ డబ్బాలో పెట్టేది. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చేది.

మే మొదట్లో వేడిగాలి మొదలైన రోజుల్లో, ఆ కాలేజీ మాస్టారు ఒకాయన బజారులో నాయనకు ఎదురై, మీ అబ్బాయి మొదటి రెండు రోజుల తర్వాత రానేలేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

నాయన ఆ మర్నాడు డ్యూటీకి పోకుండా వాడి వెనకాలే నడిచాడట. అజయ్ చౌరస్తా దాటి, కాలేజీ గేటు దాటి, హిండన్ నది వంతెన దాకా పోయి, కిందకు దిగి, స్తంభం నీడలో సంచీ పెట్టుకుని కూచున్నాడు. నది అంటే అక్కడ ఫ్యాక్టరీల నల్లనీళ్ళే. వాడు ఏమీ చేయలేదట. పుస్తకం తీయలేదు, రాళ్ళు విసరలేదు. మధ్యలో డబ్బా తీసి ఉగ్గాని తిన్నాడు. నాయన పైనుంచి చాలాసేపు చూశాడు. తర్వాత కిందికి దిగి వాడి పక్కనే కూచున్నాడు. అలా పక్కన కూచున్న సంగతి నాయన మాకు చెప్పలేదు, ఎన్నో ఏళ్ళ తర్వాత అజయ్ చెప్పాడు. కొడతాడేమో అనుకున్నానని, కొట్టకపోయేసరికి భయమేసిందని. నాయన డబ్బాలో మిగిలిన ఉగ్గాని తనూ ఒక పిడికెడు తిని, డబ్బా మూత పెట్టి, పోదాం పదమన్నాడట.

నేను స్కూలు నుంచి వచ్చేటప్పటికి ముగ్గురూ కూలర్ ఉన్న గదిలో కూచుని ఉన్నారు. కరెంటు లేదు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను కూడా కూచోమంది. ఆ తర్వాత, ఆ ఇంట్లో ఆ వేసవంతా ఎవరూ వాణ్ణి అడగని మాట అడిగింది.

"నాయనా, నీకేం కావాల? నువ్వు చెప్పు. ఎవురూ ఏమీ అనరు."

నాయన అజయ్ వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు.

"నాకు అర్థమయ్యే చోట కూచోవాలని ఉందిమా" అన్నాడు అజయ్, తల ఎత్తకుండానే.

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కింద ఎవరో పాలవాడితో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. నాయన లేచి పైన డాబా మీదికి వెళ్ళాడు. ఆ ఎండలో అక్కడ నిలబడడానికి కూడా నీడ లేదు. అయినా సాయంత్రం దాకా కిందికి రాలేదు.

వాణ్ణి ప్రొద్దుటూరు పంపాలన్నది ఆ వారంలోనే తేలిపోయింది. మునిసిపల్ హైస్కూల్లో తెలుగు మీడియం తొమ్మిది. పాత మాస్టర్లు, పాత బల్లలు. చెన్నకేశవులు మామ, అంటే అమ్మ తమ్ముడు, తన ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. కానీ ఆయన ఇంట్లో అప్పటికే నలుగురు పిల్లలు. ఎవరితోనూ మాట్లాడని పిల్లవాణ్ణి ఇంకొకరి ఇంట్లో ఎలా వదలడం? రెండు రోజులకు ఒక మధ్యాహ్నం అమ్మ, ఉతికిన బట్టలు మడత పెడుతూ, మామూలు మాటలాగా చెప్పింది.

"నేనూ పోతా వానితో. రెండేండ్లు. పది అయిపోయేదాక."

నాయన పేపరు చదువుతున్నాడు. పేపరు దించలేదు. "మల్లా వేరువేరుగానా" అన్నాడు.

అమ్మ మడతలు పెడుతూనే ఉంది. "ఏం జేసేది" అంది.

"మరి భాను?" అని నా సంగతి అడిగాడు.

నేను అక్కడే ఉన్నాను. నేను కూడా వెళ్ళొచ్చు కదా అని నాకు అనిపించింది. కానీ మా స్కూలువాళ్ళు తొమ్మిదిలోనే పదో తరగతి బోర్డుకు పేర్లు పంపేశారు. ఇప్పుడు మారితే ఏడాది పోతుందని అందరూ చెప్పారు. అది నిజమో కాదో ఎవరూ ఎక్కడా అడగలేదు. నాకు మంచి మార్కులు వచ్చాయి, హిందీ వచ్చింది, స్నేహితులున్నారు. నేను పాసయ్యాను. పాసైన పిల్లను ఎందుకు కదిలించడం? అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "నాయన దగ్గర ఉంటావా పాపా?" అని అడిగింది. ఉంటానన్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలా తేలిగ్గా ఉంది. ఆ క్షణంలో ఆమెకు ఒక బరువు తగ్గిందని నాకు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఉండనన్నట్టు అవుతుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డాను.

మే నెలలో మిగిలిన రోజులన్నీ అమ్మ నాకు వంట నేర్పింది. చారు, పప్పు, నాయనకు ఇష్టమైన వంకాయ కూర. రొట్టెలు నాకు ఆమెకన్నా బాగా వచ్చేవి, ఇంటావిడ నేర్పింది. అమ్మ నా పక్కన నిలబడి ఇంతుప్పు, ఇంత చింతపండు అని చెప్తుంటే, అజయ్ గుమ్మంలో కూచుని వినేవాడు. వెళ్ళడం ఖాయమైనప్పటినుంచీ వాడు మళ్ళీ కొంచెం కొంచెం మాట్లాడుతున్నాడు. ఒకరోజు నా లెక్కల పుస్తకం తీసి, నాకు రాని అధ్యాయం ఏదని అడిగాడు. పేజీలు తిప్పి, ఇంగ్లీషులో ఉన్నది నన్ను చదివి తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. వాడు చేసి చూపించాడు. వెళ్ళేదాకా రోజూ అట్లా కూచున్నాం. ఎవరూ ఆ సంగతి గట్టిగా అనలేదు కానీ, రెండేళ్ళుగా ఇలా కూచుని ఉంటే సరిపోయేదేమో అని నాకు అనిపించింది. వాడికీ అనిపించే ఉంటుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పుస్తకంలోకే చూసేవాళ్ళం.

జూన్ మొదట్లో న్యూఢిల్లీ స్టేషన్లో వాళ్ళను హైదరాబాద్ రైలెక్కించాం. నాయన సీటు కింద ట్రంకు సర్ది గొలుసు వేసి, తాళంచెవి అమ్మకు ఇచ్చాడు. నీళ్ళ సీసాలు నింపి తెచ్చాడు. మళ్ళీ దిగి అరటిపళ్ళు తెచ్చాడు. మళ్ళీ దిగబోతుంటే అమ్మ, ఇంక ఏమీ వద్దు, కాసేపు కూచోమంది. కూచున్నాడు. అజయ్‌తో, మంచిగా చదువుకో, అమ్మను చూసుకో అన్నాడు. ఏళ్ళ తరబడి ప్రొద్దుటూరులో లీవు అయిపోయి వెళ్ళేటప్పుడు వాడితో ఆయన చెప్పే మాటలు అవే. వాడు అప్పట్లోలాగే తలూపాడు.

రైలు కదిలాక అజయ్ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటపెట్టాడు. నేను పట్టుకుని కొంతదూరం నడిచాను. "పండక్కు వస్తావు కదా" అన్నాడు. వస్తానన్నాను. అమ్మ వాడి వెనకనుంచి చూస్తోంది. ఆమె ఏదో అంది, పెదాలు కదలడం కనిపించింది. రైలు చప్పుడులో వినపడలేదు.

బస్సులో నాయన నాకు కిటికీ సీటు ఇచ్చాడు. యమున దాటేటప్పుడు, రెండేళ్ళంటే ఎంతలో అయిపోతుందిలే అన్నాడు. నేను అవునన్నాను. ఇంటికి వచ్చాక వంట మొదలుపెట్టాను. బియ్యం డబ్బా మూత తీసి నిలబడిపోయాను. అమ్మ అన్నీ నేర్పింది కానీ, నేర్పినన్నాళ్ళూ నలుగురికే వండింది. ఇద్దరికి ఎంత బియ్యం పొయ్యాలో నాకు తెలియలేదు. నాయనను అడిగాను. ఆయన వచ్చి డబ్బాలోకి చూశాడు. ఆయనకూ తెలియలేదు. ఎక్కువే వండుకుని, మిగిలింది మర్నాడు తిన్నాం.

వెళ్ళిన చోట అజయ్ బాగుపడ్డాడు. ఆ మాట చెప్పకపోతే తప్పు. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు, లెక్కల్లో స్కూలు మొత్తానికి వాడే ముందు. మాటలు మళ్ళీ వచ్చాయి, స్నేహితులొచ్చారు, గొంతు మారింది. ఆ గొంతు మారడం నేను చూడలేదు. ఒక సెలవులకు వెళ్ళేసరికి మారిపోయి ఉంది. తర్వాత పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది, అమ్మ ఇంకో మూడేళ్ళు అక్కడే ఉండిపోయింది. యూనిఫాం సంగతి వాడూ ఎత్తలేదు, నాయనా ఎత్తలేదు. ఈలోపు నాయనకు మళ్ళీ దూరంగా, అస్సాంలో తేజ్‌పూర్‌కు పోస్టింగ్ పడింది. నేను ఢిల్లీలో కాలేజీలో చేరి హాస్టల్‌కు మారాను. మోహన్‌నగర్ ఇల్లు ఖాళీ చేసినరోజు కూలర్ ఇంటావిడకు ఇచ్చేశాం. ఆ తర్వాత మేం నలుగురం ఒకే ఇంట్లో ఉన్నది నాయన లీవులకు మాత్రమే. అప్పుడు కూడా అమ్మా అజయ్ ఏదో మాట మీద నవ్వుకుంటుంటే, నేనూ నాయనా దాని ముందు సంగతి తెలియక చూస్తూ కూచునేవాళ్ళం.

కాలేజీలో నా పక్కన తేజశ్రీ అనే అమ్మాయి కూచునేది. వాళ్ళ నాన్న కూడా సైన్యంలోనే, సాకేత్‌లో ఉండేవాళ్ళు. చిన్నప్పుడు జబ్బు చేసి స్కూలు మానేసిందట. ఏదో మాటల్లో, తను పదీ పన్నెండూ ఓపెన్ స్కూల్‌లోనే చదివానని చెప్పింది. కాలేజీలో ఒప్పుకున్నారా అని అడిగాను. తను నవ్వి, "లేకపోతే ఇక్కడ ఎలా కూచున్నాను?" అంది. వాళ్ళ అన్నయ్య కూడా అక్కడే చదివాడట, గవర్నమెంటు ఉద్యోగంలో ఉన్నాడట. ఆ రోజు మిగిలిన క్లాసులేవీ నాకు వినపడలేదు.

ఆ వేసవిలో ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. చెప్పాలా వద్దా అని రైల్లో దారంతా అనుకుంటూనే వెళ్ళాను. అజయ్ బయటికి వెళ్ళాడు. నాయన లీవులో ఉన్నాడు, ముందుగదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. అమ్మ పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూచుని చెయ్యి వేశాను. తేజశ్రీ సంగతి చెప్పాను. లక్ష్మీకుమారి ఆంటీ చెప్పింది నిజమేనని, ఆ సర్టిఫికెట్ చెల్లుతుందని, అప్పుడూ చెల్లేదని చెప్పాను. వాడు ఇంట్లోనే ఉండి చదువుకుని ఉండొచ్చు అన్నది నేను అనలేదు. అమ్మే పూర్తి చేసుకుంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

ఓపెన్ స్కూల్‌లో అయితే వాడు ఇలా మళ్ళీ మాట్లాడేవాడో లేదో నాకు తెలియదు. ఆ మాట కూడా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అమ్మ విన్నదో లేదో. ముందుగదిలోంచి నాయన దగ్గు వినిపించింది. అమ్మ అటు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"మీ నాయనకు చెప్పొద్దు" అంది.

చెప్పలేదు.